మోకాలు నేలకు ఆనక్కర్లేదు

రేసు ఫొటోల్లో బైకు ఒకపక్కకు పడుకున్నట్టే ఉంటుంది, రైడరు మోకాలు తారును గీస్తుంటుంది. మలుపు తిప్పడమంటే అదేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఓసారి కాగితం మీద లెక్క వేసుకున్నాక ఆ మోజు దిగిపోయింది.

30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తీసుకోండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే దాదాపు 23 డిగ్రీలు ఒరగాలి. 50తో అయితే 33 డిగ్రీలు. ఇక ఒళ్లు మలుపు లోపలివైపుకు జరిపితే ఎంత కలిసొస్తుంది? 150 కిలోల బైకు మీద 70 కిలోల మనిషి తన బరువును 10 సెంటీమీటర్లు జరిపితే, ఉమ్మడి గరిమనాభి (బైకు, మనిషి మొత్తం బరువు ఆనినట్టుండే బిందువు) కదిలేది మూడు సెంటీమీటర్ల పైచిలుకే. అది నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే బైకు ఒరుగు తగ్గేది 3 డిగ్రీలు. మలుపుకు ముందే బ్రేకు నొక్కి పది కిలోమీటర్లు తగ్గిస్తే ఒరుగు తగ్గేది 10 డిగ్రీలు. పైగా ఒళ్లు ఎంత జరిపినా, ఆ వేగానికి టైరు ఇవ్వాల్సిన పట్టు అంతే ఉంటుంది. ఇసుక మీద జారే టైరుకు మన భంగిమతో పనిలేదు.

మరి భంగిమ ఎందుకు? హ్యాండిల్‌ను స్వేచ్ఛగా ఉంచడానికి.

కుడికి తిరగాలంటే కుడి గ్రిప్పును మెల్లగా ముందుకు నెట్టాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది. అరచేతిలో చీపురుకర్ర నిలబెట్టి చూడండి: కర్ర కుడికి వాలాలంటే చెయ్యి ముందు ఎడమకు కదలాలి. ఇక్కడా అంతే, చక్రం క్షణకాలం ఎడమకు తిరుగుతుంది, పైనున్న బరువు కుడికి ఒరుగుతుంది, ఆ వెంటనే చక్రం కూడా కుడికి తిరుగుతుంది. దీన్నే కౌంటర్ స్టీరింగ్ అంటారు. విమానం జోలికి వెళ్లకముందు సైకిళ్ల వ్యాపారం చేసిన విల్బర్ రైట్, తొక్కేవాళ్లు ఈ పని చేస్తూనే ఉంటారు గానీ చేస్తున్నట్టు వాళ్లకే తెలియదని గమనించాడు.

మోచేతులు కర్రల్లా బిగిస్తే ఒక చెయ్యి నెట్టిందాన్ని రెండోది అడ్డుకుంటుంది. అందుకే ఒంటి బరువును తొడలు మోయాలి, ట్యాంకును అవి పట్టుకోవాలి. మోచేతులు వదులుగా వంగి, గడ్డం లోపలి గ్రిప్పు వైపు కాస్త వాలితే వీధిలో అది చాలు. మలుపు మధ్యలో వేళ్లను గ్రిప్పు మీద ఆడించగలిగితే సరిగ్గా కూర్చున్నట్టే. చూపు మాత్రం మలుపు చివర ఉండాలి. గుంతనే చూస్తూ కూర్చుంటే బైకు గుంతలోకే పోతుంది.

మధ్యలో కంగారుపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కితే ఒరిగిన బైకు నిటారుగా లేవబోతుంది, దారి బయటికి పోతుంది. పక్కకు తిరగడానికీ ఆగడానికీ టైరు దగ్గరున్న పట్టు ఒక్కటే. నొక్కక తప్పకపోతే బైకు లేచినకొద్దీ ఒత్తిడి పెంచాలి.

నడక వేగంతో యూ-టర్న్ తీసుకునేటప్పుడు మాత్రం అంతా తలకిందులు. అప్పుడు బైకును లోపలికి పడేసి, మనం బయటివైపు కూర్చోవాలి. అంత నెమ్మదిలో మన బరువుతో తూకం వేస్తేనే బైకు చిన్న చోట తిరుగుతుంది.