గడ్డి వయసు చూడాలి పిల్లలూ

పిల్లలూ,

కశ్మీర్ కొండల్లోని సోనమార్గ్ ఫొటోలన్నీ చూశాను, వాటికంటే మీరడిగిన ప్రశ్న ఇంకా నచ్చింది. అక్కడ గడ్డి చీలమండ కూడా దాటలేదు, గొర్రెలేమో దిట్టంగా ఉన్నాయి. మన పీర్జాదిగూడ దగ్గర మూసీ పక్కన పారాగడ్డి నడుం దాకా పెరుగుతుంది, అయినా తబేలావాళ్లు బర్రెలకు దాణా పెడుతూనే ఉంటారు, ఎందుకు తాతయ్యా అన్నారు. పాలిచ్చే బర్రెకు దాణా ఎలాగూ కావాలనుకోండి. కానీ అసలు సంగతి గడ్డి వయసులో ఉంది.

లేతగా ఉన్నప్పుడు గడ్డంతా దాదాపు ఆకే. రోజులు గడిచేకొద్దీ కాడ సాగుతుంది, అది పడిపోకుండా నిలబడాలి కాబట్టి అందులో పీచు, దాన్ని గట్టిపరిచే లిగ్నిన్ చేరతాయి, పూతకొచ్చేసరికి ముదిరిన బెండకాయే. మోపు బరువు పెరుగుతుంది, పశువుకు ఒంటబట్టేది తగ్గుతుంది. మన రైతులు వేసే హైబ్రిడ్ నేపియర్ గడ్డిని 45 రోజులకు కోస్తే ఎండు బరువులో ప్రొటీన్ సుమారు 8 నుంచి 10 శాతం ఉంటుంది, రెండున్నర నెలలు వదిలేస్తే 5, 6 శాతానికి పడిపోతుంది. బర్రె పొట్టలో గడ్డిని పులియబెట్టేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. మేతలో ప్రొటీన్ 7 శాతం కంటే తగ్గితే అవి సరిగ్గా పనిచేయవు, అరుగుదల మందగిస్తుంది, బర్రె తినడమే తగ్గించేస్తుంది. ముందు కట్టలు కట్టలు పడి ఉన్నా దానికి అర్ధాకలే.

మరి వారం వారం కోసేస్తే పోలా అంటారేమో, అదీ కుదరదు. కోసిన కొత్తలో ఆకు ఉండదు, కాబట్టి మొక్క తన మొదలులో, వేర్లలో దాచుకున్న ఆహారం ఖర్చుపెట్టి చిగురేస్తుంది. ఆ లోటు పూడకముందే మళ్లీ కొడవలి పెడితే వేర్లు తగ్గిపోతాయి, దుబ్బు పలచబడుతుంది, ఖాళీల్లో కలుపు దూరుతుంది. అందుకే నేపియర్‌కి మొదటి కోత మాత్రం వేర్లు బాగా పట్టేదాకా ఆగి రెండు, రెండున్నర నెలలకు, ఆ తర్వాత 40–45 రోజులకోసారి, అదీ 10–15 సెంటీమీటర్ల మొదలు వదిలి కోయాలి. నేలకంటా కోసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక ఎత్తు. 1000 మీటర్లు పైకెక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మన హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, సోనమార్గ్ 2700 పైమాటే, అంటే ఒక్క ఎత్తు వల్లే 14 డిగ్రీల తేడా. ఆ చలికి గడ్డి నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగానే ముదురుతుంది, అందుకే తిన్న కాస్తా బాగా అరుగుతుంది. పైగా జాతులే వేరు. నేపియర్, పారా లాంటి వేడిదేశపు గడ్డి 15 డిగ్రీల లోపు దాదాపు ఆగిపోతుంది, అక్కడివి 5 డిగ్రీలు దాటితే చాలు చిగురిస్తాయి, వాటి ఆకు సహజంగానే మెత్తన. కానీ మంచు కరిగాక దొరికేది కొన్ని నెలలే, మొత్తం మేత మనకంటే చాలా తక్కువ, కోసినా మళ్లీ కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మన లెక్కన కోతలు కోస్తే ఆ పచ్చిక బతకదు.

ఈ సంగతి అక్కడ మందలతో తిరిగే బకర్వాల్ కాపరులకు తరాలుగా తెలుసు. వేసవిలో మంచు కరిగేకొద్దీ మందను పైపైకి తోలుకెళ్తారు. కింద గడ్డి ముదిరే వేళకి పైన అప్పుడే మొలకెత్తుతుంటుంది, అలా మంద నెలల తరబడి లేత మేతే తింటుంది. ఎంత గొప్ప ఆలోచనో చూడండి!

లేతది ఎప్పుడూ మంచిదేనని మాత్రం అనుకోకండి, జొన్న దీనికి పూర్తిగా వేరు. వానల్లేక వాడిన లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లో సైనైడ్ విషం పుడుతుంది. దాన్నే ఊళ్లో నాము అంటారు, అది మేసిన పశువు చూస్తుండగానే పడిపోతుంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు ముద్దొచ్చిందని మేకపిల్లకు జొన్న పిలకలు తుంచి పెట్టకండి, పైరు పూతకొచ్చేదాకా ఆగమని మీ మామయ్యకూ చెప్పండి.

మీ తాతయ్య