అలల మీద కాలు నిలిపే మైనం

మొన్న ఏప్రిల్‌లో మా మేనల్లుడు కళింగపట్నం వచ్చాడు. విశాఖలో రుషికొండ దగ్గర సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అలల మీద సాగే ఆట, నేర్చుకుంటున్నాడు. ఇక్కడ లైట్‌హౌస్ వైపు అలలు ఎలా విరుగుతున్నాయో చూసుకుని, మర్నాడు చెన్నై దగ్గరున్న కోవళం వెళ్లాలని అతని ప్లాన్. కారు ఎండలో వదిలేసి భోజనానికి వెళ్లాం. రెండు గంటల తర్వాత వచ్చి సంచి తెరిస్తే లోపలంతా జిడ్డు. బోర్డుకి రుద్దుకోవడానికి తెచ్చుకున్న మైనపు బిళ్లలు మూడూ కరిగి తువ్వాల్లోకి, చొక్కాల్లోకి ఇంకిపోయాయి.

"మావయ్యా, ఇది ట్రాపికల్ వ్యాక్స్. వేడి ప్రాంతాల కోసమే చేసింది. మరి ఎందుకు కరిగింది?" అన్నాడు దిగులుగా.

మంచి ప్రశ్న. ఆ బిళ్ల మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత గాలిది కాదు, నీటిది. బంగాళాఖాతం మన తీరంలో చలికాలంలో సుమారు 25 డిగ్రీలు, ఎండాకాలంలో 29, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ నీళ్లలో గట్టిగా నిలబడేలా చేసిన మైనం అది. ఎండలో అద్దాలు మూసి ఉంచిన కారు సంగతి వేరు. బయట 35 డిగ్రీలున్నా లోపల గంటలోనే 50 దాటిపోతుంది. వెలుతురు అద్దంలోంచి లోపలికొచ్చి సీట్లను, డాష్‌బోర్డును వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. సముద్రంలో ఏ బిళ్లకూ ఎదురుకాని వేడి కారులో ఎదురైంది.

అసలు ఆ బిళ్ల ఎందుకని చాలామంది అడుగుతారు. మైనం అనగానే మనకు జారుడే గుర్తొస్తుంది. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లు పలకల అడుగున మైనం రాసేది జారడానికే. సర్ఫింగ్ బోర్డుకు మాత్రం మైనం పైన రాస్తారు, కాలు జారకుండా ఉండటానికి. బోర్డు లోపల నురగలాంటి ఫోమ్, పైన గాజు పీచు, దాని మీద రెసిన్ పూత ఉంటాయి. మన మత్స్యకారుల ఫైబర్ పడవల్లో వాడేదీ ఈ గాజు పీచు, రెసినే. తడిసిన ఫైబర్ మీద ఒట్టి కాళ్లతో నిలబడి చూసినవాళ్లకు అదెంత నున్నగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ రోజు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన బోర్డును చేత్తో తడిమి, "మా తెప్పకి ఇవేటీ అక్కర్లేదు బాబూ, దుంగే కాల్ని పట్టీసుకుంటాది" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఉప్పునీళ్లలో నానిన గరుకు దుంగకు సహజంగానే పట్టు ఉంటుంది. నున్నటి పూత వచ్చాక ఆ పట్టును మళ్లీ మనమే తెచ్చిపెట్టుకోవాల్సి వచ్చింది.

బోర్డుకు మైనం రాయడం 1935లో కాలిఫోర్నియాలో మొదలైందని చెప్తారు. ఆల్ఫ్రెడ్ గాలెంట్ అనే కుర్రాడు ఇంట్లో మైనం రుద్దిన నేల మీద కాలు నిలవడం గమనించి, దాన్నే బోర్డు మీద ప్రయత్నించాడట. జాడీలకు మూత వేయడానికి వాడే పారఫిన్ వాడి చూడమని వాళ్లమ్మ సలహా ఇచ్చిందట.

ఇక అసలు విషయానికి వస్తాను. మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందులో ఉన్నవన్నీ ఒకే రకం అణువులు కాబట్టి కరిగే వేళ కూడా ఒకటే. పారఫిన్ అలా కాదు. పెట్రోలియం నుంచి వచ్చే ఈ మైనంలో 20 నుంచి 40 దాకా కార్బన్లు వరసగా కట్టిన గొలుసులు కలగలిసి ఉంటాయి. పొట్టి గొలుసులు ముందు పట్టు వదులుతాయి, పొడుగువి ఆఖరికి. అందుకే రకాన్ని బట్టి పారఫిన్ 46 నుంచి 68 డిగ్రీల మధ్య ఎక్కడైనా కరగొచ్చు, అంతకు చాలా ముందు నుంచే మెత్తబడుతూ వస్తుంది కూడా.

ఈ మెత్తబడటం తెలియాలంటే ఇంట్లో కొబ్బరినూనె సీసా చాలు. దానికి హద్దు సుమారు 24 డిగ్రీలు. ఎండాకాలంలో నీళ్లలా కదులుతుంది. పుష్యమాసంలో తెల్లారేసరికి తెల్లగా పేరుకుని సీసాలోంచి రానంటుంది. పొద్దెక్కుతుంటే కాసేపు గట్టిగానూ కాక, పల్చగానూ కాక వెన్నలా ఉంటుంది. వేలు ఆనిస్తే దిగుతుంది, తీస్తే గుంట అలాగే నిలుస్తుంది. బోర్డు మీది మైనం సముద్రంలో ఉన్నంతసేపూ దాదాపు ఈ మధ్య స్థితిలోనే ఉండాలి. మరీ గట్టిపడితే గచ్చులా జారుతుంది. మరీ మెత్తబడితే కాలి కింద పులుముకుపోతుంది.

అందుకే నీటి వేడిని బట్టి మైనంలో రకాలు చేశారు. కంపెనీని బట్టి అంకెలు కాస్త మారతాయి కానీ, 15 డిగ్రీల లోపు నీళ్లకు కోల్డ్, 20 వరకూ కూల్, 24 వరకూ వార్మ్, ఆ పైన ట్రాపికల్. చల్లటి నీళ్ల రకం అన్నిటికన్నా మెత్తన, ట్రాపికల్ అన్నిటికన్నా గట్టి. విదేశం నుంచి చుట్టాలెవరైనా ప్రేమగా కోల్డ్ రకం తెచ్చిస్తే, దాన్ని మన నీళ్లలో వాడొద్దు. అది బోర్డు మీద కన్నా మన పొట్టకే ఎక్కువ అంటుకుంటుంది.

మైనాన్ని వాతావరణానికి తగ్గట్టు గట్టిపరచడం మన జిల్లాలకు కొత్త విద్య కాదు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేస్తారు. వీణ దండి మీద 24 మెట్లుంటాయి, ఒక్కో స్థాయికి 12 చొప్పున. ఆ లోహపు మెట్లను మేకులతో బిగించరు, మైనంలో కూర్చోబెడతారు. తేనెమైనాన్ని వేడిచేసి, నల్లటి బొగ్గుపొడి కలిపి, దండికి రెండు పక్కలా దిమ్మలుగా కట్టి, ఒక్కో మెట్టునూ శ్రుతి చూసుకుంటూ అందులో నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కానీ, ఒక్కదాన్నే వాడితే ఎండలకు మెత్తబడి మెట్టు పక్కకు ఒరగవచ్చు. బొగ్గు రేణువులు మైనం మధ్యలో అడ్డుపడి దాన్ని పారనివ్వవు. అయినా ఏళ్లు గడిచేకొద్దీ మైనం సడలుతుంది, మెట్టు వెంట్రుకవాసి కదిలినా స్వరం తప్పుతుంది, అప్పుడు మళ్లీ మేళం కట్టించాలి. వీణ చేసేవారు మెట్టు కదలకూడదని మైనాన్ని బిగిస్తారు. సర్ఫింగ్ మైనం చేసేవారు కాలి కింద కాస్త ఒదగాలని దాన్ని సడలిస్తారు. ఇద్దరూ వేడికి తగ్గట్టు పాళ్లు మార్చే పనే చేస్తున్నారు. గొల్లపల్లి పనివాళ్ల చేతిలో ఉన్న ఈ లెక్కను రసాయనశాస్త్రంగా మన పిల్లలకు ఎవరూ చూపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సర్ఫింగ్ బిళ్లలో పారఫిన్‌కు తోడు కొన్నిటిలో తేనెమైనం, కొబ్బరినూనె, అంటుకునే గుణం కోసం చెట్టు బంక కూడా కలుపుతారు. మనం ధూపం వేసే గుగ్గిలం కూడా చెట్టు బంకే. సంచి పాడైన ఆ సాయంత్రం మేమూ ఒక బిళ్ల చేసి చూశాం. కొండ తేనె పట్టు నుంచి తీసిన మైనం, ఇంట్లో కొబ్బరినూనె, కాస్త గుగ్గిలం. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించాం, ఎందుకంటే మైనం మరీ వేడెక్కితే మంట అంటుకుంటుంది. మొదటిసారి నూనె ఎక్కువై చేతులకే అంటింది. మన నీళ్ల వేడికి కొబ్బరినూనె ఎలాగూ ద్రవమే కాబట్టి అది మైనాన్ని సడలిస్తుందే తప్ప బలం ఇవ్వదు. నూనె తగ్గించి మళ్లీ పోశాక ఫరవాలేదనిపించింది.

రాసే పద్ధతిలోనూ సైన్సు ఉంది. ముందు గట్టి రకంతో ఒక పూత వేయాలి. అది నున్నటి బోర్డును పట్టుకుని కూర్చుంటుంది. దాని మీద నీటికి తగ్గ రకాన్ని, ఎక్కువ అదమకుండా, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దాలి. ఎక్కడైనా కొంచెం మైనం ఎత్తుగా నిలిస్తే, బిళ్ల మళ్లీ వచ్చినప్పుడు ముందు తగిలేది ఆ ఎత్తుకే. అక్కడే ఇంకాస్త చేరుతుంది. అలా కాసేపటికి బోర్డంతా ఆవగింజలంత బుడిపెలు లేస్తాయి. అదిమి రుద్దితే ఉన్న బుడిపెలు కూడా చదునవుతాయి. మైనానికి నీళ్లు అంటవు కాబట్టి కాలికీ బోర్డుకీ మధ్య నీటి పొర నిలవదు. బరువు పడితే బుడిపెలు కాస్త ఒదిగి అరికాలిని పట్టుకుంటాయి. ఒంటికి కొబ్బరినూనో సన్‌స్క్రీనో పట్టించి బోర్డు మీద పడుకుంటే మాత్రం ఆ జిడ్డు మైనంలోకి దిగి శ్రమంతా వృథా అవుతుంది.

ప్రయాణానికి ఎలా సర్దాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. బిళ్లను కాగితం చుట్టుతోనే ఉంచి, మూత బిగిసే స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టాలి. కరిగినా డబ్బాలోనే మళ్లీ గడ్డకడుతుంది, బట్టలు బతుకుతాయి. డబ్బాను సంచి మధ్యలో బట్టల నడుమ ఉంచితే వేడి లోపలికి చేరడానికి సమయం పడుతుంది. కానీ బట్టలు చల్లబరచవు, ఆలస్యం చేస్తాయంతే. కాబట్టి నిలిపి ఉంచిన కారులో సంచి వదలొద్దు, మనతో నీడకు తీసుకెళ్లాలి. బిళ్ల మీద బరువులు కూడా పెట్టొద్దు. గట్టిగా కనిపించే మైనం ఒక్కసారి కొడితే విరుగుతుంది కానీ, గంటల తరబడి నొక్కి ఉంచితే మెల్లగా పారి సాగిపోతుంది.

పాత మైనం తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. బోర్డును పది నిమిషాలు ఎండలో ఉంచితే అది మెత్తబడి గీకగానే వచ్చేస్తుంది. మిగిలిన జిడ్డును కొబ్బరినూనె గుడ్డతో తుడవొచ్చు. ఆ గీకిన తుక్కును ఇసుకలో పారేయొద్దని గట్టిగా చెప్తున్నాను. మన శ్రీకాకుళం తీరానికి ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. పారఫిన్ పెట్రోలియం సరుకు, దాని చోటు ఇది కాదు. మా వాడు ఆ తుక్కునంతా కాగితంలో పొట్లం కట్టి, అదే స్టీలు డబ్బాలో ఒక పక్కన పెట్టుకుని, రాత్రి రైలుకు ఆమదాలవలస స్టేషన్‌కు బయల్దేరాడు. మేం చేసిన బిళ్లను రెండో పక్కన పెట్టుకున్నాడు.