అల్యూమినియంతో ఇల్లు కట్టవచ్చా?

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

కిటికీలకు వాడే అల్యూమినియంతోనే స్తంభాలు, దూలాలు కూడా చేస్తే భూమికి మేలా, కీడా అని అడిగారు. మేలూ ఉంది, కీడూ ఉంది. ఏది ఎక్కువన్నది ఆ లోహం ఎక్కడ పుట్టింది, ఎక్కడ వాడాం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కెనడాలోని ఆర్విడాలో 1950లో పూర్తిగా అల్యూమినియంతో కట్టిన రోడ్డు వంతెన ఒకటుంది. నడుమ కమాను 88 మీటర్లు. ఉక్కుతో కడితే అయ్యే బరువులో సగం కూడా లేదు. ఈ లోహానికి గాలి తగలగానే పైన సన్నని పొర ఏర్పడి లోపలి భాగాన్ని కాపాడుతుంది. అందుకే ఉక్కులా తుప్పు పట్టదు, మాటిమాటికీ రంగులు వేయనక్కరలేదు. ఆ ఊళ్ళోనే జలవిద్యుత్తుతో నడిచే అల్యూమినియం కర్మాగారం ఉంది. అసలు సంగతి ఈ కరెంటులోనే ఉంది.

టన్ను అల్యూమినియం తీయడానికి దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది సుమారు ఆరేళ్ళు సరిపోతుంది! ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే, టన్ను లోహానికి పది టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. జలవిద్యుత్తు అయితే నాలుగు టన్నుల చుట్టుపక్కలే. మన దేశంలో ఎక్కువగా వాడేది బొగ్గు కరెంటే.

ఇక ఖనిజం. టన్ను లోహానికి నాలుగైదు టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాన్ని శుద్ధి చేస్తే క్షారంతో నిండిన ఎర్రమట్టి మిగులుతుంది. 2010లో హంగరీలోని ఐకాలో అలాంటి మట్టి చెరువు గట్టు తెగి పదిమంది చనిపోయారు. మన విశాఖ మన్యంలోనూ కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. తవ్వితే ఊటలు ఎండిపోతాయని గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళ భయం న్యాయమైనదే. తేలికైన లోహం వెనుక అంత బరువైన కొండ ఉందని మరచిపోకూడదు.

మరి ఇంటి దూలాలకు? వద్దనే నా అభిప్రాయం. వంగకుండా నిలిచే బిగువు ఉక్కుతో పోలిస్తే దీనికి మూడో వంతే, కనుక దూలం లోతు పెంచాలి. 660 డిగ్రీలకే కరుగుతుంది. అంతకు చాలా ముందే, 200 దాటేసరికే, బలం బాగా తగ్గిపోతుంది. తడి కాంక్రీటు తగిలితే అది కూడా ఈ లోహాన్ని తినేస్తుంది. సముద్రపు గాలి తగిలే కాలిబాట వంతెనలకు, విశాలమైన పైకప్పులకు, పాత వంతెనల మీద బరువు తగ్గించడానికి మాత్రం వాడితే దండగ కాదు.

దీనికున్న గొప్ప గుణం మరొకటి. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్ళీ వాడితే, కొత్తది తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. కానీ రకరకాల మిశ్రమ లోహాలు కలిసిపోతే నాణ్యత పడిపోతుంది, మళ్ళీ దూలానికి పనికిరాకపోవచ్చు. అందుకే కట్టేటప్పుడే విప్పడానికి వీలుగా బోల్టులతో బిగించాలి.

వేసవిలో మన ఇంటి పాత కిటికీలు తీయిస్తున్నాను. మీరు వచ్చాక గాజు, రబ్బరు, ఇనుప మరలు వేరు చేసి, ఫ్రేములను విడిగా తూకానికి వేద్దాం.

మీ తాతయ్య