ఎర్రనీళ్లకు ఎదురీదే చేప

ఆగస్టులో ఓ తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను. గంపలో వెండిలా మెరుస్తున్న చేపను చూసి "పులసేనా?" అని ఆశగా అడిగాను. అమ్మే ఆవిడ దాన్ని తిరగేసి చూపించి, "కాదు బాబూ, ఇలస. సముద్రంలో పడ్డాది. ఎర్రనీళ్లు తాగితేనే పులస" అంది.

శాస్త్రానికి రెండూ ఒకటే జాతి, టెన్యువలోసా ఇలీషా. ఉప్పునీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వరద గోదావరికి ఎదురెక్కుతుంది. పుస్తెలమ్మైనా తినాలన్నది ఆ ఎదురీత తర్వాతి రుచి గురించే. ప్రపంచ లెక్కలో ఇది అంతరించిపోతున్న జాతి కాదు, బంగ్లాదేశ్‌లో ఇంకా బాగానే దొరుకుతుంది. అరుదైపోయింది మన గోదావరిలోనే.

అదే గోదావరి మన కుళాయిల్లోకీ వస్తుంది. ఉక్కు కర్మాగారానికీ నగరానికీ నీరందించే ఏలేరు కాలువ పొడవు 150 కిలోమీటర్ల పైమాటే. ఏలేరులో నీరు చాలకపోతే గోదావరి నుంచి ఎత్తిపోస్తారు. పోలవరం ఎడమ కాలువలో విశాఖ అవసరాలకని 23.44 టీఎంసీలు రాసిపెట్టారు. చేప కోసం ఇవన్నీ మానుకోమంటే ఈ ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. రెండ్రోజులకోసారి బిందెలు పట్టుకునే వీధిలో పెరిగినవాణ్ణి, నేనూ ఒప్పుకోను.

ఈ తగాదానే అమెరికాలోని ఎండు రాష్ట్రాలు కొలరాడో నది మీద పడ్డాయి. దాని ఉపనది గ్రీన్ రివర్ మీద ఫ్లేమింగ్ గార్జ్ డ్యాం కట్టేటప్పుడు, 1962లో, సరదాకి గాలమేసేవాళ్ల ట్రౌట్ చేపలకు చోటివ్వాలని నదిలో, దాని ఉపనదుల్లో కలిపి 700 కిలోమీటర్ల మేర విషం వేసి అక్కడి చేపల్ని చంపారు. వాటిలో ఆరడుగుల దాకా పెరిగే పైక్‌మిన్నో కూడా ఉంది. 1988 నాటికి బుద్ధి మారింది. రాష్ట్రాలు, నీటి వాడకందార్లు, కరెంటు సంస్థలు, పర్యావరణవాదులు కలిసి ఓ ఒప్పందానికొచ్చారు: నాలుగు జాతుల చేపలు కోలుకునేలా పనులు సాగినంత కాలం కొత్త నీటి పథకాలకు అడ్డు చెప్పం. ఆ నీడన రెండు వేలకు పైగా పథకాలకు అనుమతులొచ్చాయి.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఒక చిన్న దీపం. రేజర్‌బ్యాక్ సక్కర్ అనే చేప గులకరాళ్ల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు, మన చెరువు రైతుల మాటలో స్పాన్, ప్రవాహంలో కొట్టుకుపోతూ పక్కనున్న వరద మడుగుల్లోకి చేరితేనే బతుకుతాయి. డ్యాం వాళ్లు యాంపా అనే పక్క నది వరదతో కలిసేలా ఏటా నీళ్లు వదిలేవారు. అప్పటికి పిల్లలు ఇంకా పుట్టేవే కావు. పుట్టాక చూస్తే మడుగుల దారి మూసుకుపోయేది. 2012 నుంచి పద్ధతి మార్చారు. రాత్రిపూట నీళ్లలో దీపపు బోనులు పెడతారు, వెలుగుకి పిల్లలు చేరతాయి. తొలి పిల్ల కనబడ్డాకే గేట్లెత్తుతారు. వదిలే నీరు అటూ ఇటూగా అంతే, మారింది ముహూర్తం.

ఆ నాలుగు జాతులూ గెలిచాయనుకోకండి. హంప్‌బ్యాక్ చబ్ 2021లో అంతరించే జాతుల జాబితాలో ఒక మెట్టు గట్టెక్కింది కానీ, బోనీటెయిల్ ఇప్పటికీ హేచరీల పుణ్యాన బతుకుతోంది.

మన దగ్గర ముహూర్తం ఒక్కటే చాలదు, దారి కూడా కావాలి. ధవళేశ్వరం దగ్గర 1852 నుంచి నదికి అడ్డుకట్ట ఉంది, ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. సాల్మన్ గంతులేస్తుంది కాబట్టి దానికి మెట్ల దారి కట్టారు. పులస గంతులేసే చేప కాదు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అలహాబాద్ దాకా ఎక్కే ఇలస కిందే ఆగిపోయింది. అక్కడ చేపల కోసం కట్టిన లాకు కూడా పెద్దగా పనిచేయలేదు. అందుకే పరాయి మెట్లు తెచ్చి అతికించే ముందు, వరద తక్కువైన ఏడాది కొన్ని గేట్లు ఎప్పుడు, ఎన్ని రోజులు ఎత్తితే పులస పైకి వెళ్తుందో చూడమంటాను. దానికి దీపపు బోను కూడా అక్కర్లేదేమో.

"ఈసారి ఎప్పుడొస్తుంది పులస?" అని ఆవిడనే అడిగాను.

"యానాంలో మా మరిది ఉన్నాడు. మొదటిది పడగానే ఫోన్ సేస్తాడు" అంది.