విండోస్ అప్‌గ్రేడ్ తరువాతి క్రాష్‌లు: తగవుకు మూలం 2016 ఆగస్టులో ఉంది

విశాఖపట్నంలో ద్వారకానగర్ మొదలు గాజువాక దాకా కంప్యూటర్ మరమ్మతు దుకాణాల దగ్గర ఒకే తగవు మళ్లీ మొదలైంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియడంతో జెరాక్స్ సెంటర్లవారు, ఆడిటర్లు, చిన్న క్లినిక్‌లవారు తమ కంప్యూటర్లలో విండోస్ 11 వేయించుకున్నారు. దుకాణంలో చక్కగా నడిచిన కంప్యూటర్ రెండు మూడు వారాల తరువాత బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయినప్పుడు వచ్చే నీలం తెర) చూపి, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. చేసిన పనిలోనే లోపం ఉంది కనుక ఉచితంగా సరిచేయాలని వినియోగదారులు అంటున్నారు. ఇది వేరే సమస్య కనుక మళ్లీ డబ్బు చెల్లించాలని దుకాణదారులు అంటున్నారు.

ఇలాంటి క్రాష్‌ల వెనుక తరచూ ఉండేవి డ్రైవర్లు, అంటే ప్రింటర్, స్కానర్ వంటి పరికరాలను విండోస్‌తో కలిపి పనిచేయించే చిన్న ప్రోగ్రాములు. వాటి చరిత్రను మొదటినుంచి చెప్పుకోనవసరం లేదు. డ్రైవర్లలో చాలావరకు విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే నడుస్తాయి కాబట్టి, వాటిలో ఒకటి తనది కాని మెమరీని తాకినా మొత్తం వ్యవస్థ ఆగిపోతుందన్న ఒక్క విషయం గుర్తుంటే చాలు. అప్‌గ్రేడ్ తరువాత వచ్చే క్రాష్‌లకు డ్రైవర్లే ప్రధాన కారణమన్న సంగతి తయారీదారులకు కొత్తది కాదు. 2007కు సంబంధించిన విండోస్ విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతానికి గ్రాఫిక్స్ చిప్‌ల సంస్థ ఎన్‌విడియా డ్రైవర్లే కారణమని, అమెరికా కోర్టులో ఒక వ్యాజ్యం సందర్భంగా బయటికి వచ్చిన మైక్రోసాఫ్ట్ అంతర్గత పత్రాల్లో ఉంది.

నేటి తగవును అర్థం చేసుకోవాలంటే చూడవలసింది 2016 ఆగస్టు 2న విడుదలైన విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌ను. అప్పటివరకు అప్‌గ్రేడ్ నచ్చనివారు పాత విండోస్‌కు తిరిగి వెళ్లడానికి 30 రోజుల గడువు ఉండేది. ఆ విడుదలతో అది 10 రోజులకు తగ్గింది. వెనక్కి వెళ్లేవారిలో ఎక్కువమంది మొదటి కొద్ది రోజుల్లోనే వెళుతున్నారని, గడువు తగ్గిస్తే డిస్కులో చోటు ఖాళీ అవుతుందని మైక్రోసాఫ్ట్ వివరణ ఇచ్చింది. కొత్త కెర్నెల్ డ్రైవర్లన్నింటికీ మైక్రోసాఫ్ట్ పోర్టల్ ద్వారానే డిజిటల్ సంతకం (నమ్మదగినదన్న ముద్ర) ఉండాలన్న నిబంధన కూడా అదే విడుదలతో అమలులోకి వచ్చింది. అయితే 2015 జులై 29కి ముందు జారీ అయిన సర్టిఫికెట్లతో సంతకం పొందిన డ్రైవర్లకు, సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ మొదలుకాకుండా అడ్డుకునే ఏర్పాటు) ఆపి ఉన్న కంప్యూటర్లకు, పాత విడుదల నుంచి అప్‌గ్రేడ్ అయినవాటికి మినహాయింపు లభించింది. పాత ప్రింటర్లు, స్కానర్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోకూడదన్న ఆలోచనను తప్పుపట్టలేము. కాని పాత డ్రైవర్ కొత్త వ్యవస్థలోకి రావడానికి వీలు మిగిల్చి, దాని లోపం బయటపడేలోగా వెనక్కి మళ్లే గడువును మూడో వంతుకు కుదించడం వల్ల భారమంతా వినియోగదారుడి మీదే పడింది.

ఎందుకంటే డ్రైవర్ లోపం తొలిరోజే కనిపించదు; ఆ పరికరాన్ని వాడినప్పుడు కనిపిస్తుంది. నెలవారీ జీఎస్టీ రిటర్నుల గడువు 20వ తేదీ. ఆ పని ముగించుకుని 22న కంప్యూటర్‌ను అప్‌గ్రేడ్‌కు ఇచ్చిన ఆడిటర్, పాత స్కానర్‌ను మళ్లీ కలిపేది మరుసటి నెల రెండో వారంలోనే. అప్పటికి పది రోజులు దాటిపోతాయి, పాత విండోస్ ఉన్న ఫోల్డర్ తొలగిపోతుంది. క్రాష్ ఆలస్యంగా వచ్చింది కనుక అది కొత్త సమస్య అన్న వాదన ఇక్కడ నిలవదు.

సముద్రపు గాలికి ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) కాంటాక్టులు పాడవుతాయని, పాత యంత్రానికి హామీ ఇవ్వలేమని దుకాణదారులు చెప్పేది ఈ ఊళ్లో కొట్టిపారేయదగిన మాట కాదు. అయితే దాన్ని తేల్చడానికి మార్గం ఉంది. క్రాష్ అయినప్పుడు విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ అనే ఫోల్డర్‌లో ఆ క్రాష్ వివరాలతో ఒక ఫైలు (డంపు) నమోదవుతుంది. దాన్ని మైక్రోసాఫ్ట్ విశ్లేషణ సాధనమైన విన్‌డీబగ్‌తో తెరిస్తే అనుమానిత డ్రైవర్ పేరు కనిపిస్తుంది. నాలుగైదు డంపుల్లో ప్రతిసారీ వేరే పేరు వస్తుంటే మెమరీని పరీక్షించాలి. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే ముందుగా ఆ డ్రైవర్‌నే అనుమానించాలి. ఈ ఫైళ్లు చూడకుండానే ర్యామ్ మార్చమనడం, ఫార్మాట్ చేసి వాటిని చెరిపేయడం న్యాయమైన పద్ధతి కాదు.

దుకాణాల బాధ్యత మరోచోట కూడా ఉంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలో ఆ సంస్థ స్మార్ట్ సౌండ్ డ్రైవర్ 10.29.0.5152, 10.30.0.5152 వెర్షన్లు విండోస్ 11లో బ్లూ స్క్రీన్‌కు దారితీస్తాయని తెలిసి, అలాంటివాటికి మైక్రోసాఫ్ట్ అప్‌గ్రేడ్‌ను నిలిపివేసింది. ఇలాంటి నిలిపివేత విండోస్ అప్‌డేట్ ద్వారా వెళ్లేవారిని మాత్రమే ఆపుతుంది. సమయం కలిసివస్తుందని పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేసే దుకాణంలో ఆ రక్షణ దాటిపోయే అవకాశం ఉంది. ఆ రెండు డ్రైవర్ వెర్షన్లకు బదులు 5714తో ముగిసే వెర్షన్ గాని, ఆ తరువాతిది గాని వేస్తే ఆ సమస్య తీరుతుంది.

పది రోజుల గడువు మార్చలేనిది కూడా కాదు. అది ముగిసేలోగా విండోస్‌లోనే ఉండే డిస్మ్ (DISM) కమాండ్‌తో దాన్ని 60 రోజుల వరకు పెంచవచ్చు. ఫార్మాట్ చేసి కొత్తగా వేసిన విండోస్‌కు మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. కాబట్టి కంప్యూటర్ అప్పగించేటప్పుడు అప్‌గ్రేడ్ చేశారా, ఫార్మాట్ చేశారా అన్నది, చేసిన తేదీ, గడువు పెంచారా లేదా అన్నది బిల్లు మీద రాయించుకోవాలి.