బ్రిమ్‌ఫీల్డ్ సంతకు బయలుదేరే ముందు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

సెప్టెంబరులో బ్రిమ్‌ఫీల్డ్ పాతవస్తువుల సంతకు వెళ్తున్నామని, అక్కడ ఏం చూడాలో రాయమని అడిగారు. చాలా సంతోషం వేసింది. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

బ్రిమ్‌ఫీల్డ్ మసాచుసెట్స్‌లో నాలుగు వేల లోపు జనాభా ఉన్న ఊరు. వేలంపాటలు నిర్వహించే గోర్డన్ రీడ్ 1959లో అక్కడ ఈ సంత మొదలుపెట్టారు. ఇప్పుడు ఏటా మే, జులై, సెప్టెంబరు నెలల్లో, మంగళవారం నుంచి ఆదివారం దాకా, 20వ నంబరు రోడ్డుకు రెండు పక్కలా మైలు పొడవున జరుగుతుంది. ఇదంతా ఒకరి చేతిలో ఉన్న సంత కాదు. ఒక్కో మైదానానికి ఒక్కో యజమాని, ఒక్కో ప్రారంభ దినం. కొన్ని మంగళవారమే తెరుస్తారు, కొన్ని బుధవారం, కొన్ని ఆ తర్వాత. మైదానం తెరిచిన పొద్దున్నే వ్యాపారులే టార్చిలు పట్టుకుని వచ్చి మంచివి ఏరుకుంటారు. శనివారానికి సరుకు పలచబడుతుంది, కొందరు సర్దుకుని వెళ్లిపోతారు కూడా. కానీ మీకు బడి ఉంటుంది కాబట్టి శనివారమే వెళ్లండి. అమ్మేవాళ్లకు తీరిక ఉంటుంది, అడిగితే విసుక్కోకుండా చెబుతారు. నేర్చుకోవడానికి అదే మంచి రోజు.

టేపు, చిన్న అయస్కాంతం, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, టార్చి తీసుకెళ్లండి. డబ్బు చిన్న నోట్లుగా ఉంచుకోండి. అంతా గడ్డినేల, వాన పడితే బురద. పాత బూట్లు వేసుకోండి.

ఇక అసలు సంగతి. ఏ వస్తువునైనా ముందు వెనక్కీ కిందికీ తిప్పి చూడాలి. ముందు వైపు అందరూ తుడుస్తారు, రంగు వేస్తారు. అడుగు జోలికి ఎవరూ పోరు, అందుకే వయసు అక్కడ తెలుస్తుంది. అమ్మేవాళ్లను అడిగి సొరుగు బయటికి లాగండి. పక్క పలక ముందు పలకతో కలిసేచోట పావురం తోక ఆకారంలో పళ్లు ఉంటాయి. ఆ పళ్లు తక్కువగా, ఎగుడుదిగుడుగా ఉండి, పక్కనే వడ్రంగి గీసుకున్న సన్నని గీత కనిపిస్తే చేతిపని. అన్నీ ఒకే కొలతలో వరసగా ఉంటే యంత్రం పని, ఎక్కువగా 1890 తర్వాతది. అడుగు చెక్క మీద రంపం గాట్లు విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపంతో కోసింది, అమెరికాలో 1830కి ముందుది కావడం అరుదు.

గుండ్రటి బల్ల కనిపిస్తే టేపు తీయండి. చెక్క నార వెంట, అంటే దానిలో పొడవుగా సాగే గీతల వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి కొలవండి. చెక్క ఎండేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. అందుకని నూరేళ్లు దాటిన మూడడుగుల బల్ల అడ్డం కొలతలో పావు అంగుళం, ఒక్కోసారి అర అంగుళం తక్కువ వస్తుంది. రెండు కొలతలూ అచ్చంగా సమానమైతే అనుమానించండి. ప్లైవుడ్‌కు ఇది వర్తించదు, దాని పొరలు ఒకదాన్నొకటి కదలనివ్వవు.

కూడిక గుర్తులాంటి గాడి ఉన్న స్క్రూ 1930ల తర్వాతది. అలాగని ఒక్క స్క్రూ చూసి తీర్పు చెప్పకండి, మరమ్మతులో మార్చి ఉండవచ్చు. బీరువాలాంటి వాటికి పై భాగం, కింది భాగం వేర్వేరు వస్తువులవి తెచ్చి కలపడం మాత్రం చాలా జరుగుతుంది. రెంటి వెనక పలకల మందం, రంగు పోల్చండి. పురుగు రంధ్రాల నుంచి కొత్త పొడి రాలుతుంటే ఎంత చవకైనా వదిలేయండి. లోపల పురుగు బతికే ఉందని అర్థం, మిగతా సామానుకూ పాకుతుంది.

అయస్కాంతంతో చాలామంది పొరబడతారు. అది అంటుకుంటే లోపల ఇనుములాంటి లోహం ఉందని తెలుస్తుంది, అంతే. అంటుకోనంత మాత్రాన వెండి కాదు. ఇత్తడి, రాగి, జింకు ఏవీ అంటుకోవు. అమెరికా వెండి మీద స్టెర్లింగ్ అని గానీ 925 అని గానీ ఉంటే నూటికి 92.5 పాళ్లు వెండి. పూత వేసిన సామాను అంచుల దగ్గర అరిగి పసుప్పచ్చగానో ఎర్రగానో బయటపడుతుంది.

మన వైపు వస్తువులు కూడా దొరకవచ్చు. నల్లటి లోహం మీద వెండి పూలు కనిపిస్తే బిద్రీ పని అయి ఉండవచ్చు. బీదరు, హైదరాబాదుల్లో చేసేది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోసి, ఉలితో గాడి చెక్కి, వెండి తీగను అందులో కొట్టి కూర్చుతారు. చివర బీదరు కోట మట్టిని నవాసారం అనే లవణంతో కలిపి రుద్దితే జింకు నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. భూతద్దంలో పువ్వు అంచు చూడండి. అసలుదానిలో వెండి గాడిలో ఇమిడి ఉపరితలంతో సమంగా ఉంటుంది. నకిలీలో రంగు పైకి తేలి పెచ్చులూడుతుంది. ఇత్తడి తోమే పాలిష్‌తో రుద్దితే ఆ నలుపు పోతుంది, మళ్లీ ఇంట్లో తెప్పించలేరు.

అడుగున దేశం పేరు ఉందేమో చూడండి. 1891 నుంచి అమెరికాకు వచ్చే సరుకు మీద అది ఉండాలని చట్టం. పింగాణీ మీద నిప్పాన్ (జపాన్‌ను జపనీయులు పిలిచే పేరు) అని ఉంటే సాధారణంగా 1921కి ముందుది, ఆ ఏడు జపాన్ అని రాయాలని మార్చారు. కానీ పేరు లేనిదల్లా పాతది కాదు. కాగితం చీటీ ఊడిపోయి ఉండవచ్చు.

బేరం ఆడేటప్పుడు వస్తువును తీసిపారేయకండి. నచ్చిందని చెప్పి, ఎంతకు ఇవ్వగలరో మర్యాదగా అడగండి. వాళ్లు ఒప్పుకున్నాక కొనకుండా వెళ్లడం తప్పు. కాబట్టి కొనాలని లేకపోతే అడగనే వద్దు.

ఇంకొకటి మీ అమ్మానాన్నలకు చెప్పండి. ఊళ్లో అమ్మమ్మగారి పాత కంచు విగ్రహాలు తెచ్చి అక్కడ చూపిద్దామని అనుకుంటున్నారట. 1972 నాటి భారతీయ చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ముందుగా పురావస్తు శాఖ వారికి చూపించి, పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తేనే పెట్టెలో పెట్టమనండి.

ఆశీస్సులతో,
తాతయ్య