ఇంట్లో మొదటి కాలేజీ చదువు: స్కాలర్‌షిప్‌ల వెనక కథ

1661లో కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చేరిన ఐజాక్ న్యూటన్ తండ్రికి సంతకం చేయడం కూడా రాదు. తల్లికి ఆస్తి లేకపోలేదు, కొడుకు చదువు మీద ఖర్చు పెట్టడమే పెద్దగా ఇష్టం లేదంటారు చరిత్రకారులు. కేంబ్రిడ్జిలో చదివిన మేనమామ, బడిలో హెడ్మాస్టరు నచ్చజెప్పాకే పంపింది. అక్కడ న్యూటన్ 'సైజర్'. అంటే ఖర్చుల్లో రాయితీ ఇస్తారు, బదులుగా వడ్డనలాంటి పనులు చేయించుకుంటారు. 1664లో 'స్కాలర్'గా, అంటే కాలేజీయే ఖర్చులకు సాయం చేసే విద్యార్థిగా ఎంపికయ్యాక గానీ ఆ చాకిరీ తప్పలేదు.

ఆ తర్వాత కూడా చాలాకాలం స్కాలర్‌షిప్ అంటే దాతల దయే. ఇస్తే తెలివైన కుర్రాడికి ఇచ్చేవారు, లేదంటే ఏ చర్చి సేవకో పనికొచ్చేవాడికి.

హక్కుగా అడగగలిగే సాయం పెద్ద ఎత్తున వచ్చింది 1944లో. యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు అమెరికా జీఐ బిల్లు తెచ్చింది: ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, నెలనెలా భత్యం. నిజానికి దాని వెనక చదువు మీద ప్రేమకన్నా నిరుద్యోగం మీద భయమే ఎక్కువ. దాదాపు 22 లక్షల మంది కాలేజీల్లో చేరారు. నల్లజాతి సైనికులకు మాత్రం, ముఖ్యంగా దక్షిణాదిలో, చేర్చుకునే కాలేజీలే తక్కువ. అదే ఏడాది భారతదేశంలో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని ఇళ్ల పిల్లలు వాళ్లు.

1965లో అమెరికా ఉన్నత విద్యా చట్టం, 1972లో తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంటు వచ్చాయి. అయినా చేరినవాళ్లు మధ్యలో మానేయడం ఆగలేదు. ట్యూటర్లు, సలహాదారులతో నడిచే 'ట్రయో' పథకాలు అప్పటికే ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరికీ డిగ్రీ లేని విద్యార్థిని 'మొదటి తరం'గా ఆ పథకాల కోసం 1980లో చట్టమే గుర్తించింది.

స్కాలర్‌షిప్ నేరుగా చేసే మేలు, సమయం మిగల్చడం. రాత్రి షిఫ్టులో గడిచే గంటలు పుస్తకానికి దొరుకుతాయి. అప్పు టెన్షన్ కూడా తగ్గుతుంది. డిగ్రీతో బాగుపడినవాళ్లు ఇంట్లో ఒక్కరూ లేనప్పుడు, అప్పు చేసి చదవడం జూదంలాగే కనిపిస్తుంది మరి. కానీ డబ్బు ఆలస్యమైతే మొదట దెబ్బతినేదీ వీళ్లే. ఒక నెల అద్దె సర్దగలిగేవాళ్లు వెనక ఉండరు.

అసలు చిక్కు అంతకుముందే, దరఖాస్తు దగ్గరే ఉంది. ఆదాయం లెక్కలు, గడువు తేదీలు, అర్థంకాని ప్రశ్నలు. దీని మీద అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఆదాయ పన్ను లెక్కలు వేయించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాల్లో కొందరికి అక్కడికక్కడే విద్యా సాయం ఫారం నింపిపెట్టారు. కొందరికి ఎంత సాయం రావచ్చో లెక్క కట్టి, కాగితం చేతికిచ్చి పంపారు. మొదటి గుంపులోని స్కూలు పిల్లల్లో తర్వాతి మూడేళ్లలో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసినవారు 36 శాతం. ఏ సాయమూ అందని కుటుంబాల్లో అది 28 శాతం. కాగితం మాత్రమే పట్టుకెళ్లినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు.